నా పేరున ఉన్న కారు

వేంపల్లె,
2 జూన్ 2025.

పత్తికొండలో ఉన్న అన్న మాబు సాహెబుకు చెల్లెలు దిల్షాద్ సలాం.

నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా "ఇంజను మోతలో ఏమీ ఇనపడ్లేదమ్మీ, మల్లా చేస్తా" అని పెట్టేస్తావు. ఆ మల్లా ఇరవై రోజులైనా రాలేదు. కాగితానికి మోత అడ్డం రాదు కదా, అందుకే రాస్తున్నాను. వదినకు కూడా చదివి వినిపించు.

మొన్న శుక్రవారం ఫిరోజా కాలేజీ ఫీజు సంగతి కనుక్కుందామని మా ఊరి సచివాలయానికి పోయాను. దాని తండ్రి కువైట్‌లో ఉన్నన్నాళ్లూ మేము ఏ కార్డుకూ ఏ పథకానికీ చెయ్యి చాచలేదు. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. మొదటి ఏడాది ఫీజు నా గాజులు అమ్మి కట్టాను. రెండో ఏడాదికి అమ్ముదామంటే కుట్టు మిషను తప్ప ఇంట్లో ఏమీ లేదు. అందుకే ఫీజు పథకానికీ, వితంతు పింఛనుకూ అర్జీలు పెట్టుకున్నాను. రెండూ కొట్టేశారు.

అక్కడ కంప్యూటర్ దగ్గర లేవి అని ఒకాయన ఉంటాడు. "నీకు రావమ్మా. నీ పేరున నాలుగు చక్రాల బండి ఉండాది" అన్నాడు. నేను నవ్వాను. "నాకుండేది ఒక్క చక్రం మిషనప్పా, ఇంకో మూడు యాడ సూసినావు?" అన్నాను. వరసలో నిలబడినవాళ్లందరూ నవ్వారు. ఆయన నవ్వకుండా తెర నా వైపు తిప్పాడు. నెంబరు చదివాను. నువ్వు పరుపులు వేసుకుని ఊళ్ల వెంట తిరుగుతున్న, వెనక పొడుగు డిక్కీ ఉన్న ఆ ఎస్టేటు కారు నాదట!

అప్పుడు గుర్తుకొచ్చింది. తొమ్మిదేళ్ల కింద కర్నూల్లో ఆ ముసలి డాక్టరు దగ్గర నువ్వు కారు కొన్న రోజు నన్నూ పిలిపించావు. "ఈడొక సంతకం పెట్టమ్మీ, ఇంట్లో ఎవురో ఒకరి పేరు ఉండాల గదా" అన్నావు. పెట్టాను. బిర్యానీ తినిపించి బస్సెక్కించావు. నీ బియ్యం కార్డు పోకుండా నా పేరు వాడుకున్నావని ఆ రోజు ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను అంత బిర్యానీ తినేదాన్ని కాదు. ఆ కారులో నేను ఎన్నిసార్లు ఎక్కానో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఒక చెయ్యి కూడా నిండలేదు.

ఈ నెల ముప్పయ్యో తారీఖు లోపల బండి నా పేరు మీద నుంచి తొలగిపోతే మళ్లీ అర్జీ తీసుకుంటారట. లేకపోతే ఈ ఏడాదికి అంతే. ఫీజు కట్టకుంటే ఫిరోజాను రెండో ఏడాది క్లాసులో కూర్చోనివ్వరు. ఇక నీ ఇష్టం, నీ కారు ఇష్టం.

ఇట్లు,
కారు గల ఆసామి,
దిల్షాద్.


పత్తికొండ,
7 జూన్ 2025.

చెల్లెలు దిల్షాద్‌కు అన్న దీవెనలు.

పండగ నమాజు చేసి వచ్చి, అత్తరు వాసన ఇంకా పోకముందే నీ ఉత్తరం ఇంకోసారి చదివాను. ఒళ్లు మండింది. ఆసామి అని సంతకం పెట్టావు కదా, అయితే ఆసామి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, విను.

నీ కారుకు సెల్ఫ్ పనిచెయ్యదు. ఆపితే వాలు మీదే ఆపాలి. పత్తికొండలో మనకు పనికొచ్చే వాలు ఒక్కటే ఉంది, టమోటా మార్కెట్ గేటు ముందర. అక్కడ ఆపనిచ్చినందుకు గేటు కాపలా సుబ్బయ్యకు ఏటా ఒక దిండు కుట్టిస్తున్నా. పోయినసారి దూది తక్కువైందని దిండు తెచ్చి నా ముఖాన కొట్టాడు. నీ కారు వెనక తలుపు పైకెత్తితే నిలబడదు, దూది కొట్టే కర్ర పోటు పెట్టాలి. ఆ కర్ర రెండుసార్లు జారి నా నెత్తి మీద పడింది. స్టీరింగు ఎడమకు తిప్పితే హారను దానంతట అదే మోగుతుంది. మొన్న ఆలూరు రోడ్డులో ఒక శవం ఎదురొచ్చింది. మర్యాదగా ఎడమకు తప్పుకుందామని తిప్పాను. పాడె మోసేవాళ్లు పాడె దించి నన్ను కొట్టడానికి వచ్చారు.

జనవరిలో రేడియేటరు. ఫిబ్రవరిలో ఆ రేడియేటరుకు వేసిన అతుకు. మార్చిలో రెండు టైర్లు. ఏప్రిల్‌లో బ్రేకులు. కర్నూల్లో ఏసన్న మేస్త్రీ దాని బానెట్ ఎత్తగానే నవ్వుతాడు. "మామా, ఈ మోడలు చేసేది ఆపి శానా ఏండ్లాయె. సామాను కావాలంటే ఇంగొక సచ్చిన బండి దొరకాల" అంటాడు. నేను పరుపులు కుట్టుకుంటూ, ఎక్కడ ఏ బండి చచ్చిందా అని వెతుక్కుంటూ తిరగాలి. డీజిల్ అయితే లీటరుకు పదకొండు కిలోమీటర్లు, అదీ దిగువకు పోతే. ఇన్సూరెన్సు నాది, పొగ సర్టిఫికెట్టు నాది, తిట్లు నావి. ఇన్నాళ్లలో ఆసామి ఒక్క డీజిల్ బిల్లు అడిగిందా?

పేరు మార్చమంటావు. నా పేరున రాసుకున్న మరుసటి రోజు నా బియ్యం కార్డు పోతుంది. అదే కార్డులో అమ్మ ఉంది. కార్డు పోతే అమ్మ పింఛను పోతుంది. అమ్మ మందులు ఆ పింఛనుతోనే వస్తున్నాయి. నేను దూది ఏకితే వచ్చేది మా నోటికే చాలడం లేదు. ఇది నీకు తెలియదా?

ఇంకొకటి. పోయిన బుధవారం తెల్ల చొక్కా వేసుకున్న ఒకడొచ్చి కారు చుట్టూ తిరిగి, వంగి చాసిస్ నెంబరు రాసుకుని పోయాడు. ఎవరు పంపారంటే "ఇంట్లో వాళ్లే" అన్నాడు. నా ఇంట్లో నేను పంపలేదు. అంటే ఆసామి గారు బేరం పెట్టారన్నమాట. కారు నీ పేరున ఉందని తెలిసి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే అమ్ముకుంటావా? సిగ్గు లేదా అమ్మీ నీకు?

ఇట్లు,
నీ కారుకు జీతం లేని డ్రైవరు,
మాబు సాహెబ్.


వేంపల్లె,
12 జూన్ 2025.

అన్నకు,

సలాం రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. రాశాననుకో.

నేను ఎవర్నీ పంపలేదు. తెల్ల చొక్కా, నల్ల చొక్కా ఎవరూ నాకు తెలియదు. నాకు కావాల్సింది నీ కారు కాదు, నా పేరు. దాన్ని నాకు తిరిగి ఇచ్చెయ్. ఆ హారను, ఆ కర్ర, ఆ దిండు అన్నీ నువ్వే ఉంచుకో.

లేవిని ఇంకో దారి అడిగాను. పసుపు బోర్డు వేసి బాడుగ బండిగా మారిస్తే లెక్కలోకి రాదన్నాడు. మళ్లీ తనే "ఇరవై ఏడేండ్ల బండికి పసుపు బోర్డు ఎవురిస్తారమ్మా" అన్నాడు. ఇక మిగిలింది కాటాకు వేయడమే. ఇనుము ఇనుముగా అమ్మెయ్. పరుపులకు ఆటో మాట్లాడుకో. మన నాయన సైకిలు మీద దూది మూట కట్టుకుని తిరిగి మన ఇద్దరినీ సాకాడు.

ఇదంతా సోమవారం రాసి పెట్టుకున్నాను. నిన్న నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. నా పేరున చలానా! కర్నూలు బయట కెమెరాకు నీ కారు దొరికిందట, సామాను బయటికి పొడుచుకు వచ్చినందుకు. ఫోటో కూడా పెట్టారు. ఫిరోజా దాన్ని పెద్దది చేసి చూపించింది. వెనక తలుపు సగం తెరిచి తాడుతో కట్టావు. లోపల పరుపులు. పరుపుల మధ్య నుంచి బయటికి వచ్చింది సామాను కాదు. రెండు కాళ్లు. కుడి కాలికి నల్లతాడు. ఆ తాడు పోయిన ఏడు దర్గా ఉర్సులో నేను కట్టింది.

అమ్మను సామానులో వేసుకుని తిరుగుతున్నావా? ముందు సీటు ఎవరికిచ్చావు, గిరాకీకా? డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని డిక్కీలో పడేసి, కాళ్లు ఎండలో పెట్టి, ఎనభై కిలోమీటర్లు తీసుకుపోయావా? పోయినసారి నువ్వు అమ్మ పింఛను అని రాసినప్పుడు నేను ఒక్క నిమిషం మెత్తబడ్డాను. ఫిరోజాతో "మామయ్యకూ కష్టమేలే" అన్నాను కూడా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను అన్నా అని రాయడం ఇదే ఆఖరు.

దిల్షాద్.


పత్తికొండ,
17 జూన్ 2025.

దిల్షాద్‌కు,

నువ్వు అన్నా అని రాయకపోతే నేను అన్నను కాకుండా పోను. ఇది చివరిదాకా చదువు. మధ్యలో చించితే నా మీద ఒట్టు.

అమ్మ ఫిబ్రవరిలో నీళ్లు పోసుకుంటూ బచ్చల్లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. కర్నూల్లో ఆపరేషన్ చెయ్యాలన్నారు, గుండె చూసి వద్దన్నారు. ఇప్పుడు నడుము వంచలేదు. కూర్చోలేదు. ఆటోలో పట్టదు, బస్సులో పట్టదు. ప్రాణం మీదికి వస్తే అంబులెన్సు వస్తుంది గాని, పదిహేను రోజులకొకసారి డాక్టరుకు చూపించుకోవాలంటే ఎవరొస్తారు? ఇక్కడ ముందు సీటుకు నేను గిరాకీని వెతుక్కుంటున్నానని రాశావు. ముందు సీట్లో మీ వదిన కూర్చుంటుంది, మందుల సంచీ పట్టుకుని, వెనక్కి తిరిగి, మెడ నొప్పి పుట్టేదాకా అమ్మను చూస్తూ.

ఈ కారులో వెనక సీటు మడిస్తే ఆరడుగుల చోటు వస్తుంది. వేరే ఏ కారుకూ అట్లా రాదు. రెండు పరుపులు నేనే కుట్టాను, కింద గట్టిది, పైన బూరుగు దూదిది. నేనూ మీ వదినా దుప్పటితో ఎత్తి పడుకోబెడతాం. రెండో పరుపు వేస్తే తలుపు పూర్తిగా పడదు. అందుకే తాడు. అమ్మ పొడుగు నీకు తెలుసు కదా, కాళ్లు కొంచెం బయటికి వస్తాయి. గోనెపట్టా కడితే "గాలి రానీరా" అని కాలితో తన్నేస్తుంది. "ఎనక్కి పోతాండే రోడ్డు సూస్తాంటే శానా బాగుండాదిరా మాబూ, ముందు కూసోనుంటే ఇదంతా ఎవురు సూస్తారు?" అంటుంది. ఆ కెమెరా ఆ మాట కూడా తీసి ఉంటే బాగుండేది.

నీకెందుకు చెప్పలేదంటావు. నీ మొగుడు పోయి ఏడాది కూడా తిరగలేదప్పుడు. "ఆ పిల్ల యాడ్సి యాడ్సి ఉండాది, నా కాలు గూడా దాని నెత్తిన పెట్టొద్దు" అని అమ్మ నాతో కురాన్ మీద ఒట్టు వేయించింది. ఈ ఉత్తరంతో ఆ ఒట్టు పోయింది. నీ పుణ్యమే.

తెల్ల చొక్కా వాడిని పిలిచింది మీ వదిన. వాడు పాత బండ్లు విరిచేవాడు. ఏప్రిల్ బ్రేకులప్పుడే ఆమెకు ఈ కారంటే విరక్తి పుట్టిందట. నిన్న అడిగితే తనే చెప్పింది. నిన్ను ఆ మాట అన్నందుకు నాది తప్పు. మిగతా దేనికీ నాది తప్పు కాదు.

కాటాకు వెయ్యమన్నావు. వేస్తా. అమ్మను ఎవరు ఎత్తుకుని పోవాలో ముందు నువ్వు రాసి పంపు.

మాబు సాహెబ్.


వేంపల్లె,
20 జూన్ 2025.

అన్నా,

నాలుగు నెలలు! నాలుగు నెలలు అమ్మ మంచాన ఉంటే, ప్రతి శుక్రవారం నాతో వదిన ఫోనులో "నేను బాగుండా, నువ్వు తిన్నావా" అంటుంటే, నువ్వు పక్కన నిలబడి విన్నావు. ఏడుస్తానని చెప్పలేదా? ఏడిస్తే ఏడ్చేదాన్ని. నా తల్లి కోసం ఏడిచే హక్కు కూడా నువ్వే దాచిపెట్టుకున్నావా, సంతకం దాచినట్టు? నువ్వు మంచి పని చేసినా దాన్ని దొంగపనిలాగే చేస్తావు. అదే నా ఒళ్లు మండేది.

కారు అమ్మొద్దు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాని నా పేరున ఉండటానికి వీల్లేదు. ఫిరోజా నిన్న కాలేజీ నుంచి వచ్చి, హాస్టలు ఖాళీ చేస్తానని, కడపలో బట్టల కొట్లో పని చూసుకుంటానని అంది. దానికి వచ్చిన మార్కులు నీకు తెలుసు. నేను దాన్ని కొట్టాను. పెరిగిన పిల్లను కొట్టాను, నీ కారు మూలంగా.

పేరు మార్పు ఫారాల మీద సంతకాలు పెట్టి దీంతోనే పంపుతున్నాను. ఈసారి ప్రతి అక్షరం చదివి పెట్టాను. అమ్మను నా దగ్గరికి తీసుకురా. నాకు కార్డు రాగానే అందులో చేర్చుకుంటా, పింఛను ఇక్కడే వస్తుంది. రెండు గదులున్నాయి. నాకు బరువు కాదు.

దిల్షాద్.


పత్తికొండ,
28 జూన్ 2025.

చెల్లెలికి,

బండి నా పేరు మీదికి వచ్చింది. మొన్న నీ ఫోనుకు వచ్చిన ఆరు అంకెలు అందుకే. "నాలుగు, సున్నా, ఏడు" అని చదివి, ఇంకేమీ అడగకుండా పెట్టేశావు. నెల రోజుల్లో మనం మాట్లాడుకున్నది ఆ ఆరు అంకెలే. చలానా కట్టాను. నువ్వు ఇక ఆసామివి కావు. పోయి అర్జీ పెట్టుకో, ఇంకా రెండు రోజులున్నాయి.

అమ్మను పంపమన్నావు. అడిగాను. డాక్టరు కర్నూల్లో, నువ్వు వేంపల్లెలో. పదిహేను రోజులకొకసారి అంత దూరం పడుకుని పోలేనంది. "కూతురింట్లో మంచం ఎక్కి పడుకుంటే దాని మిషను తొక్కేదెవురు?" అని కూడా అంది. నువ్వు వచ్చి ఆమెతో తగువు పెట్టుకో, నాతో కాదు.

ఇక పింఛను. ఇక్కడ యామిని అని ఒక కొత్త ఆఫీసరమ్మ వచ్చింది. మంచి పిల్ల, కచ్చితమైనది. నా కార్డు పోతుంది, తప్పదంది. ముసలామె వేరుగా, ఒంటరిగా ఉంటుందని రుజువైతే ఆమె ఒక్కదానికే కార్డు ఇస్తారు, పింఛను నిలబడుతుంది అంది. రుజువు అంటే ఏమిటంటే కొడుకు రాసివ్వాలి.

రాసిచ్చాను దిల్షాద్. "నా తల్లి నాతో కలిసి ఉండటం లేదు. ఆమె తిండి, మందులు నేను చూడటం లేదు." ఆ పిల్ల చెప్తుంటే నా చేత్తోనే రాశాను. అందరి ముందూ గట్టిగా చదివి వినిపించమంది, అది పద్ధతట. చదివాను. నా వెనక వరసలో సుబ్బయ్య ఉన్నాడు, దిండు సుబ్బయ్య. నాలుగు రోజుల కింద నాతో పాటు చెయ్యి వేసి అమ్మను కారులోకి ఎక్కించింది వాడే. వాడు తల వంచుకుని చెప్పులు చూసుకున్నాడు.

ఇంటికి వచ్చి చూస్తారన్నారు. ఇంటి పక్కన దూది కొట్టంలో అమ్మ మంచం వేశాం. ఒక పొయ్యి, రెండు గిన్నెలు పెట్టాం. యామిని వచ్చే పొద్దుకు నన్ను ఇంట్లో ఉండొద్దన్నారు అమ్మా, మీ వదినా. మార్కెట్ గేటు వాలు మీద కారులో కూర్చున్నాను. చాటు నుంచి విన్న మీ వదిన తర్వాత చెప్పింది. "కొడుకు సూస్తాడా జేజీ?" అని యామిని అడిగిందట. అమ్మ ఒక్క క్షణం కూడా ఆగలేదట. "సూడడు తల్లీ. నాకెవురూ లేరు" అందట. అంత బాగా అబద్ధం చెప్తుందని నాకు ఇన్నేళ్లలో తెలియదు.

నేను ఇంటికి పోగానే నా ముఖం చూడకుండా "ఆకలైతాంది, బువ్వ పెట్టు" అంది. కలిపి పెట్టాను. ఆ తర్వాత కారు కాడికి పోయి, ఆ పాడు కారును కాలితో తన్నాను. బంపరు ఊడింది. అది వేరే ఖర్చు.

నా మీద నీకు ఎంత కోపమున్నా ఫిరోజాను మాత్రం చదివించు. కొట్టొద్దు.

మాబు సాహెబ్.


వేంపల్లె,
5 జులై 2025.

అన్నకు చెల్లెలు దిల్షాద్ సలాం.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం అర్జీ తీసుకున్నారు. నిన్న లేవి పిలిచి ఫీజుకు ఒప్పుకున్నారని, నా పింఛను ఇంకా తేలలేదని చెప్పాడు. ఫిరోజా సోమవారం కాలేజీకి పోతోంది. నేను కొట్టిన చెంప చూపించి "మామయ్యకు ఫోటో పంపాల్నా?" అని వెక్కిరిస్తోంది. నవ్వింది, అది చాలు.

నీ ఉత్తరం ఫిరోజాకు చదవనివ్వలేదు. బీరువాలో బట్టల కింద పెట్టాను.

ఈరోజు పొద్దున నాకు ఫోను వచ్చింది. మీ యామిని. అమ్మ కార్డు ఇంకా పూర్తి కాలేదట. కొడుకు రాసిచ్చింది నిజమో కాదో కూతురిని కూడా అడగాలట, కూతురు చెప్పింది కూడా కాగితంలో ఎక్కాలట. నేను అప్పుడు పెళ్లి జాకెట్టు కుడుతున్నాను. మిషను ఆపాను.

"మీ యమ్మ ఒంటరిగా ఉండేది నిజమేనా అక్కా?" అంది. నిజమే అన్నాను.

"మీ అన్న ఒక్క పూట గూడా సూడడా?" అంది. చూడడన్నాను.

అక్కడితో వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. చిన్న వయసు కదా, కడుపు మండిపోయింది ఆ పిల్లకు. "నేను కొట్టంలోకి పోయి సూసినానక్కా. తిరిగేదానికి కారుండాది ఆయప్పకు, కారు! కన్నతల్లిని మాత్రం దూదిలో పారేసినాడు. నలుగురి ముందర ఆ మాట సదివినాడు, గొంతు గూడా వణకలేదు. ఇట్లాంటోడు మనిషేనా? మీరే చెప్పండి" అంది.

నెల రోజులుగా నేను నీకు ఇంతకంటే పెద్ద మాటలు రాశాను. అవే ఆ పిల్ల నోట వింటుంటే ఫోనులో చెయ్యి పెట్టి దాని నోరు మూయాలనిపించింది. మా అన్న ఆమెను దుప్పటితో ఎత్తుతాడే, ఆమె కాళ్లకు గాలి కావాలంటే తలుపుకు తాడు కడతాడే, నీకేం తెలుసే అని అరవాలనిపించింది. అరిస్తే మొదటి తారీఖున అమ్మకు మందుల్లేవు.

ఆ పిల్ల నా జవాబు కోసం ఆగి ఉంది.

"అవునమ్మా, మా అన్న అట్లాంటోడే" అన్నాను. అది కూడా రాసుకుంది.

నీ చెల్లెలు,
దిల్షాద్.